ఎనిమిది బటన్లు సోల్డర్ చేయాలా, అటక మీది పాత రిమోట్ కలపాలా?

అటక_రిమోట్:
మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. ఇద్దరం కలిసి ఆర్డ్వినో నానో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు), చిన్న ఓఎల్ఈడీ తెరతో పాము ఆట చేశాం. తెర బాగానే ఉంది, గొడవంతా బటన్లతోనే. బ్రెడ్‌బోర్డ్‌లో (సోల్డర్ లేకుండా గుచ్చి కలిపే బోర్డు) చిన్న పుష్ బటన్లు గుచ్చాం. ఆట వేడెక్కితే చాలు, వాడి బొటనవేలి దెబ్బకి ఒక్కోటి ఊడొస్తోంది. నిన్న అటక దులుపుతుంటే నా చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ రిమోట్ దొరికింది. దాన్ని కలిపేద్దామా, జీరో పీసీబీ (చిల్లుల ఖాళీ బోర్డు) మీద ఎనిమిది బటన్లు గట్టిగా సోల్డర్ చేద్దామా? మా ఇంట్లో ఓటింగ్ ఒకటికొకటి.

జీరో_పీసీబీ:
సోల్డర్ చేయండి. మీకు పిన్నుల కరువేమీ లేదు. తెరకి ఏ4, ఏ5 పోయాయి. సీరియల్ కోసం డీ0, డీ1 వదిలేయండి. డీ2 నుంచి డీ9 దాకా ఎనిమిది బటన్లు పెట్టినా బజర్‌కి చోటుంటుంది. బటన్ ఒక కాలు పిన్‌కి, ఇంకో కాలు గ్రౌండ్‌కి. కోడ్‌లో ఇన్‌పుట్ పులప్ అని రాస్తే బోర్డు లోపలి రెసిస్టరే పనిచేస్తుంది, విడిగా రెసిస్టర్లు కూడా అక్కర్లేదు. ఏ వైరు ఏం చేస్తోందో పిల్లాడికి కంటికి కనిపిస్తుంది. రిమోట్ అయితే ఎవరో రాసిన లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) అతికించి ఊరుకోవడమే.

షిఫ్ట్_రిజిస్టర్:
అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. రిమోట్ లోపలే అసలు పాఠం ఉంది.

మన దగ్గర అమ్మిన ఆ టీవీ గేములు చాలావరకు 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్లు. అసలు దాని రిమోట్‌లో 4021 అనే ఒక్క షిఫ్ట్ రిజిస్టర్ చిప్ ఉంటుంది. నకలు వాటిలో ఆ చిప్ బదులు ఒక నల్లటి బొట్టు ఉంటుంది, పని అదే. లాచ్ పిన్‌కి ఒక పల్స్ ఇస్తే ఆ క్షణంలో ఎనిమిది బటన్లు ఎలా ఉన్నాయో ఫొటో తీసినట్టు పట్టుకుంటుంది. తర్వాత క్లాక్ కొట్టినప్పుడల్లా క్లాసులో హాజరు పిలిచినట్టు ఒక్కో బటన్ డేటా వైరు మీదికొస్తుంది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. నొక్కి ఉంటే 0, వదిలేస్తే 1. మూడు పిన్నులతో పని అయిపోతుంది. దీనికి లైబ్రరీ ఎందుకు, పదిహేను లైన్ల కోడ్ వాడే రాస్తాడు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. వైర్ల రంగులు నమ్మొద్దు, నకళ్లలో ఒక్కో దానికి ఒక్కో రంగు. రిమోట్ విప్పి, మల్టీమీటర్ బీప్ పెట్టి ఏది ఎక్కడికి పోతోందో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి.

ఒకే_పిన్:
ఇంత హంగామా దేనికండీ? రెసిస్టర్లు వరసగా కట్టి అన్ని బటన్లూ ఏ0కే ఇవ్వండి. ఒక్కో బటన్‌కి ఒక్కో వోల్టేజ్, అనలాగ్ రీడ్‌తో ఆ వోల్టేజ్ కొలిస్తే సరి. ఆర్డ్వినో మీద గుచ్చే ఎల్‌సీడీ కీప్యాడ్ షీల్డ్‌లో చేసేది ఇదేగా.

జీరో_పీసీబీ:
రెండు బటన్లు ఒకేసారి నొక్కితే? కుడి పట్టుకుని గెంతాలంటే మీ ఏ0కి ఒక్క బటనే కనిపిస్తుంది. మెనూకి ఓకే, ఆటకి పనికిరాదు.

బ్లూటూత్_బ్యాచ్:
ఈ రోజుల్లో వైర్లేంటి మాస్టారూ. బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకుని, గేమ్‌ప్యాడ్లు కలిపే బ్లూప్యాడ్32 లైబ్రరీ వేసి పీఎస్4 ప్యాడ్ కలపండి. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, మామూలు ఈఎస్‌పీ32నే అడగండి. ఎస్3, సీ3 రకాల్లో బీఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) మాత్రమే ఉంటుంది, పీఎస్4 ప్యాడ్‌కేమో క్లాసిక్ బ్లూటూత్ కావాలి. అది చూడకుండా సీ3 కొని రెండు రాత్రులు పెయిరింగ్ కోసం కూర్చున్నా, తప్పు నాదే.

షిఫ్ట్_రిజిస్టర్:
వాళ్ల దగ్గరున్నది నానో అండీ. మూడు వైర్ల పనికి కొత్త బోర్డు, కొత్త ప్యాడ్ కొనిపిస్తారా?

అటక_రిమోట్:
రిమోట్ కలిపాం. ఆర్డ్వినోలో ఉన్న షిఫ్ట్‌ఇన్ ఫంక్షన్ (క్లాక్ కొడుతూ ఒక్కో బిట్ చదివేది) వాడాం. పాముకి పిచ్చెక్కింది. కుడి నొక్కితే ఎడమకి పోతోంది, ఎడమ నొక్కితే కిందికి, కింద నొక్కితే పైకి. ‘ఏ’ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మావాడు మాత్రం పడీ పడీ నవ్వుతున్నాడు.

జీరో_పీసీబీ:
చెప్పానా!

షిఫ్ట్_రిజిస్టర్:
చిప్ తప్పేం లేదు, హాజరులో మొదటి పేరు మీరు వినలేదంతే. లాచ్ అవగానే ‘ఏ’ బటన్ అప్పటికే డేటా వైరు మీద ఉంటుంది, క్లాక్ కొట్టకముందే చదవాలి. షిఫ్ట్‌ఇన్ ముందు క్లాక్ హై (1) చేసి, ఆ తర్వాత చదువుతుంది. దాంతో ‘ఏ’ జారిపోయి అన్నీ ఒక స్థానం ముందుకి జరిగాయి. ప్రతిసారీ లాచ్ ఇచ్చే ముందే క్లాక్ పిన్ హైలో పెట్టి ఉంచండి. అప్పుడు షిఫ్ట్‌ఇన్ మళ్లీ హై చేసినా అంచు (0 నుంచి 1కి మారడం) పుట్టదు, మొదటి బిట్ దక్కుతుంది. లేదంటే మీరే లూప్ రాసి ముందు చదవండి, తర్వాత క్లాక్ కొట్టండి.

జీరో_పీసీబీ:
సరే, ఇది నిజంగానే మంచి పాఠం, ఒప్పుకుంటా. కానీ బౌన్స్ (ఒక్కసారి నొక్కినా బటన్ అదిరి చాలాసార్లు నొక్కినట్టు కనిపించడం) మాటేంటి? చిప్ దాన్ని ఆపదుగా, అంటే డీబౌన్స్ చేయదుగా.

షిఫ్ట్_రిజిస్టర్:
చేయదు. అయితే సెకనుకి 60 సార్లే అడిగితే, రెండు చదవడాల మధ్య 16 మిల్లీసెకన్ల పైనే ఉంటుంది. బౌన్స్ చాలావరకు ఆ సందులోనే సద్దుమణుగుతుంది. మీ ఎనిమిది బటన్లకీ ఇదే చిట్కా పనిచేస్తుంది, రిమోట్‌కి మాత్రమే సొంతం కాదు.

అటక_రిమోట్:
క్లాక్ హై పెట్టగానే కుదిరింది! ‘ఏ’ కూడా పలుకుతోంది. బీ రబ్బరు అరిగిపోయి గట్టిగా నొక్కితేనే అందుతోంది, అది నా చిన్నప్పటి పాపం. ఇంతలో కొత్త పేచీ మొదలైంది. పక్కింటి అబ్బాయితో పోటీకి రెండో రిమోట్ కావాలట. ఇంకో మూడు పిన్నులు పోతాయా?

షిఫ్ట్_రిజిస్టర్:
ఒక్కటే పోతుంది. లాచ్, క్లాక్ రెండు రిమోట్లకీ కలిపేయండి, డేటా మాత్రం విడిగా తీసుకోండి.

జీరో_పీసీబీ:
నా లెక్కలో పదహారు బటన్లంటే పదహారు పిన్నులు, బజర్‌కి ఒకటి పోతే నానోలో అన్ని మిగలవు. ఈ రౌండ్ మీదే. బీ రబ్బరు సంగతి మాత్రం చూడండి, పారేసిన టీవీ రిమోట్ దొరికితే అందులోని నల్ల కార్బన్ బిళ్ల కోసి అతికించొచ్చు.