పితికిపప్పు: ‘తి’నా, ‘ది’నా?

పెరటితీగ: పెరట్లో అనప కాపుకొచ్చింది. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున పితుకుతూ కూర్చున్నాను. వేళ్ల మధ్య నొక్కగానే తోలు చేతిలో మిగిలి, పప్పు గిన్నెలోకి దూకుతోంది. అప్పటి నుంచీ వేమన పాదం ఒకటి వదలడం లేదు: ‘గొడ్డుటావు బితుక గుండ గొంపోయిన’. మా తాతయ్య ‘బిదుక’ అనేవారు. ఏది సరి?

సరళాదేశం: తాతగారిదే. వెదకు వెతుకు అయింది, బ్రదుకు బ్రతుకు అయింది. పిదుకు కూడా అదే దారిన పితుకు అయింది. మీ పప్పు ఒకప్పుడు పిదికిపప్పే అయివుండాలి.

మూడోగణం: పద్యం విషయంలో అంత ధీమా వద్దు. త ఉన్నా ద ఉన్నా అది నగణమే. యతి ‘గొ–గుం’ మీద ఉంది, కాబట్టి ఛందస్సు ఏ పక్షమూ వహించదు. రెండో పాదమూ ‘బండ్ల నూడదన్ను బాలనీదు’, ‘పండ్లు రాల దన్ను పాలు లేవు’ అని రెండు రకాలుగా వినిపిస్తుంది. నాకు ‘పాలు లేవు’ ప్రాణం. తన్నులు తిన్నాక అంత పొట్టి మాట వేమనకే సాధ్యం.

సరళాదేశం: పోలిక లోభితో కదండీ! వాడి దగ్గర లేక కాదు, ఇవ్వడు. ‘ఈదు’ అంటేనే పొసగుతుంది.

మూడోగణం: గొడ్డుటావుకు పాలెక్కడివి? ‘లేవు’ అనడమే నిజం.

కొత్తపాఠకుడు: ఆనపకాయ గింజలకు అంత తోలు ఉంటుందా?

పెరటితీగ: మీరనేది సొరకాయ. ఇది హ్రస్వం, అనప. చిక్కుడు జాతి.

హిందూపురం: కన్నడంలో ఇదే పప్పు ‘హితకిద బేళె’. ‘హిదుకిద’ అని రాసేవారూ ఉన్నారు. పాలు హాలు అయినట్టే ఇక్కడా ప హ అయింది, త–ద తగాదా మాత్రం అలాగే ఉంది. తమిళుల ‘పిదుక్కు’ను అడుగుదామంటే వాళ్ల లిపిలో రెంటికీ ఒకటే అక్షరం.

మిలాన్ నుంచి: ఇక్కడ లూపిని గింజలను నానబెట్టి ఉడికించి, చేదు దిగేదాకా రోజుల తరబడి నీళ్లు మారుస్తారు. ఆ తర్వాత ఉప్పునీటిలో ఉంచుతారు. తినేటప్పుడు తోలు కొంచెం కొరికి, పప్పును నోట్లోకి నొక్కుకుంటారు. దాన్నీ పితకడం అనవచ్చా?

సరళాదేశం: తప్పకుండా. పిదకడం అంటే ఇంకా మంచిది.

మూడోగణం: బ్రౌను 1829లో అచ్చువేసిన వేమన ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పాదం చూసి చెప్పండి. రెండో పాదం కూడా.