కారు రెండు లక్షలు, ఇంజన్ పని రెండున్నర లక్షలు: బడ్జెట్ దేన్ని బట్టి వేసుకోవాలి?

వేళచ్చేరి సీడియా

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పన్నెండేళ్లుగా చెన్నైలో ఉద్యోగం. నిరుడు 1,90,000 పెట్టి 2007 మోడల్ మిత్సుబిషి లాన్సర్ సీడియా కొన్నాను. నాలుగు డోర్ల సెడానే అయినా మన జాతీయ ర్యాలీల్లో ఏళ్ల తరబడి పరుగెత్తిన కారు, పైగా ఇక్కడే తిరువళ్లూరులో తయారైనది. చదువుకునే రోజుల నుంచీ నాకు దాని మీద మనసు.

ఇప్పటికి 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు ఆయిల్ తాగుతోంది. ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక నీలం పొగ. ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, వాల్వుల దగ్గర ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీల్స్ మార్చి 60,000లో అయిపోతుందన్నారు. ఇంకొకరు ఇంజన్ దించి మొత్తం చేయాలి, 2,40,000 అవుతుందన్నారు. మూడో ఆయన పుదుప్పేటలో సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి 90,000లో బిగించి ఇస్తానన్నారు. నా దగ్గర పక్కన పెట్టిన డబ్బు లక్షన్నర. కారు ధర కంటే రిపేరు ఎక్కువ ఎలా అవుతుందని ఇంట్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎలా లెక్క వేసుకోవాలో చెప్పండి.

పెరంబూరు పెద్దాయన

తమ్ముడూ, చారాణా కోడికి బారాణా మసాలా అని ఊరికే అనలేదు. నా లెక్క ఒక్కటే. పాత కారు మీద పెట్టే పెద్ద ఖర్చు దాని అమ్మకం ధరలో సగం దాటకూడదు. నీ కారుకు అది 95,000. అంతలో అయితే చేయించు, కాకపోతే ఉన్నదున్నట్టు అమ్మేయి. రేపు నువ్వు అమ్మేటప్పుడు కొత్త పిస్టన్లు వేశానంటే కొనేవాడు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను.

జేసీ రోడ్ వీటెక్

పెద్దాయన గారి మాట అమ్మాలనుకునే మనిషికి సరిపోతుంది. ఈయన అమ్మాలని అడగడం లేదు కదా. ఆ సరదా ఇచ్చే కారు కొత్తగా కొనాలంటే పన్నెండు లక్షలైనా కావాలి. పోల్చాల్సింది దానితో.

కాకపోతే నా సొంత బిల్లు చూసి జాగ్రత్తపడండి. బెంగళూరులో నా 2001 హోండా సిటీ వీటెక్‌కి ఇంజన్ పని చేయించాను. మొదట చెప్పింది 1,40,000. లేబర్ 28,000, లేత్ పని (ఇంజన్ భాగాల్ని మెషీన్ మీద కోసి సరిచేయడం) 34,000, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు కలిపి 71,000. అంటే 1,33,000. ఇంతవరకూ చెప్పిన మాట మీదే ఉన్నారు.

ఆ తర్వాత మొదలైంది. ఇంజన్ దిగాక క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉంది, 16,000. ఇంజన్ మౌంటింగులు పగిలాయి, 11,000. రేడియేటర్ 9,000. బెల్టు, వాటర్ పంపు, హోసులు 13,500. ఇంజన్ పైభాగమైన హెడ్‌లో వాల్వ్ గైడ్లు (వాల్వులు కదిలే గొట్టాలు) పోయాయి, 14,500. టోయింగ్‌కి, నేను తిరిగిన క్యాబ్‌లకి 6,000. రన్నింగ్ ఇన్‌లో, అంటే పని అయ్యాక ఇంజన్‌ని మెల్లగా నడిపే రోజుల్లో, రెండుసార్లు ఆయిల్ మార్చడానికి 7,000. మొత్తం 2,10,000. వీటిలో ఒక్కటి కూడా దండగ కాదు. ఇంజన్ కింద ఉన్నప్పుడు క్లచ్ మార్చకపోతే తర్వాత గేర్‌బాక్స్ దించడానికి మళ్లీ లేబర్ కట్టాలి. కాబట్టి వాళ్లు చెప్పిన అంకెకు సగం కలిపి చూసుకోండి. ఆ అంకెలో జీఎస్టీ ఉందో లేదో ముందే అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ 18 శాతమే, ఇంకా 28 వేసేవాళ్లుంటే ఒప్పుకోవద్దు.

అంబత్తూరు లేత్

నేను బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను, అంటే బోరును, కోసి గుండ్రంగా చేయడం), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేసే షాపులో పని చేస్తాను. సీడియా గారూ, ముగ్గురు మూడు రేట్లు చెప్పారు. ముగ్గురిలో ఎవరైనా కొలిచారా? కొలవకుండా చెప్పే రేటు ముసుగులో గుద్దులాటే.

ముందు పొగను గమనించండి. రాత్రంతా నిలిపిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. దిగుడులో గేరులోనే వదిలి, కింద మళ్లీ తొక్కినప్పుడు గుప్పుమంటే సీల్స్, గైడ్లు. తొక్కినంతసేపూ వస్తూనే ఉంటే రింగులు, బోరు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో చూడాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగుల వైపు, పెరగకపోతే వాల్వుల వైపు. దీనికంటే లీక్ డౌన్ పరీక్ష మేలు. సిలిండర్‌లోకి గాలి పట్టి ఎంత శాతం పోతోందో చూస్తాం. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి చప్పుడు వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. ఇదంతా ఇంజన్ విప్పకుండానే, మూడు నాలుగు వేలలో తేలిపోతుంది.

మీరు వేళచ్చేరి అన్నారు కాబట్టి ఇంకో మాట. ఈ కారు 2015 డిసెంబర్ వరదల్లో ఎక్కడుందో పాత ఓనర్‌ని అడగండి. 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫానప్పుడు కూడా. నీళ్లు లోపలికి పీల్చిన ఇంజన్‌లో పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ కొద్దిగా వంగుతుంది. కారు మళ్లీ స్టార్ట్ అవుతుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది కూడా. కానీ ఆ పిస్టన్ పూర్తి ఎత్తుకు రాదు. హెడ్ విప్పితే ఆ సిలిండర్‌లో పైన కార్బన్ పట్టీ మిగతా వాటికంటే వెడల్పుగా ఉంటుంది. అలాంటి ఇంజన్‌కి రింగులు మార్చి ఇస్తే మీ డబ్బు పోయినట్టే.

పెరంబూరు పెద్దాయన

లేత్ బాబూ, నువ్వు చెప్పింది బాగుంది. అయినా రింగుల పనిని అందరూ తీసిపారేస్తున్నారు. నా పాలియో 1.6కి రింగులు, సీల్స్, బేరింగులు మాత్రమే మార్పించాను. 48,000 అయింది. అప్పటి నుంచి 30,000 కిలోమీటర్లు తిరిగింది, ఆయిల్ తగ్గడం లేదు.

అంబత్తూరు లేత్

పెద్దాయన గారూ, మీకు చేసినాయన బోరు కొలిచారా?

పెరంబూరు పెద్దాయన

కొలిచాడు. పైన, మధ్యలో, కింద, అటొకసారి ఇటొకసారి. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. లిమిట్‌లోనే ఉందన్నాడు.

అంబత్తూరు లేత్

అదండీ సంగతి. మీకు రింగుల పని నిలబడటానికి కారణం ఆ కాగితమే. బోరు గుండ్రంగా ఉంటే కొత్త రింగులు కూర్చుంటాయి. కోడిగుడ్డులా అయితే ఎంత మంచి రింగులు వేసినా ఆరు నెలల్లో మళ్లీ పొగే. మా షాపుకి అలా రెండోసారి వచ్చే ఇంజన్లు చాలా ఉన్నాయి. గాస్కెట్లు, లేబర్, ఆయిల్ అన్నీ రెండుసార్లు కట్టినవాళ్లే వాళ్లంతా.

కోయంబేడు నైట్‌డ్రైవ్

అన్నా, ఇంత తల నొప్పి దేనికి? పుదుప్పేట ఇంజన్ వేయించండి. నా ఫ్రెండ్ అలాగే చేశాడు, నాలుగు రోజుల్లో కారు రోడ్డు మీద ఉంది.

జేసీ రోడ్ వీటెక్

నైట్‌డ్రైవ్ తమ్ముడూ, ఆ ఇంజన్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఏ వరదలో మునిగిందో ఎవరు చెప్పాలి? ఇంజన్ మారితే నంబర్ మారుతుంది. దాన్ని ఆర్టీవో ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, అందుకు ఆ ఇంజన్ సక్రమంగా కొన్న బిల్లు కావాలి. అది లేకుండా తిరిగితే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో చిక్కు, అమ్మకంలో చిక్కు. పైగా 2007 కారు అంటే 15 ఏళ్ల ఆర్‌సీ అయిపోయి ఒకసారి రెన్యువల్ అయి ఉంటుంది, 2027లో మళ్లీ వెళ్లాలి. ఆరోజు ఇంజన్ నంబర్ చూస్తారు. ఆ ఫీజు కూడా బడ్జెట్‌లో రాసుకోండి. 2025 ఆగస్టులో పెంచాక 20 ఏళ్లు దాటిన కారుకి 10,000.

కోయంబేడు నైట్‌డ్రైవ్

ఆర్‌సీ సంగతి నాకు తట్టలేదు. ఫ్రెండ్‌ని అడుగుతాను.

అంబత్తూరు లేత్

విడిభాగాల గురించి కూడా చెప్పాలి. సీడియాకి ఇప్పుడు అసలు కష్టం అక్కడే. మిత్సుబిషి కార్ల అమ్మకాలు మన దగ్గర ఆగిపోయాయి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో గాస్కెట్, ఫిల్టర్ లాంటివి వెతికితే దొరకవచ్చు. ఓవర్‌సైజ్ పిస్టన్లు (బోరు పెంచాక పట్టే కాస్త పెద్దవి) బయటి దేశం నుంచి తెప్పించాల్సి రావచ్చు. అప్పుడు కొరియర్, కస్టమ్స్ రెండూ కలపాలి.

పిస్టన్లు చేతికి రాకముందు బ్లాక్‌ని (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మని) బోర్ చేయించకండి. ఎవరు తొందరపెట్టినా సరే. వచ్చిన పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగిన సందు వదిలి బోర్ చేయాలి. ముందే అర మిల్లీమీటర్ కోసేసి, ఆ సైజు పిస్టన్లు దొరక్క నెలల తరబడి మూల పడిన బ్లాకులు చూశాను. అర మిల్లీమీటర్ పెంచితే బోరు 81.5 నుంచి 82 అవుతుంది, 1999 సీసీ కాస్తా 2024 సీసీ దాకా వస్తుంది. పవర్ పెరుగుతుందని ఆశపడకండి, పోయిన పవర్ తిరిగొస్తుందంతే.

ఇంకొకటి, పెట్రోల్‌లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం ఉంటోంది. ఆ కాలపు రబ్బరు దాన్ని ఉద్దేశించి చేసింది కాదు. ఇంజన్ దిగినప్పుడే ఫ్యూయల్ హోసులు, ఓ రింగులు మార్చేయండి. అది పెద్ద ఖర్చు కాదు.

ఓఎంఆర్ ఇంటి లెక్కలు

నాకు ఇంజన్ గురించి ఎక్కువ తెలియదు. మా ఇంట్లో మాత్రం ఇలాంటి కారు ఒకటి పదకొండు నెలలు విప్పిన ముక్కలుగా గ్యారేజీలో పడి ఉంది, అందుకని రాస్తున్నాను. మావారు కూడా దశలవారీగా చేద్దామనే మొదలుపెట్టారు. ముందు విప్పుదాం, చూశాక డబ్బు సంగతి ఆలోచిద్దాం అన్నారు. విప్పాక బోరింగ్ అన్నారు. అదే నెల పాప స్కూలు ఫీజు వచ్చింది. పని ఆగింది. ఆ స్థితిలో కారుని సగం ధరకు కూడా ఎవరూ అడగలేదు. చివరికి పర్సనల్ లోన్ తీసుకుని పూర్తి చేశాం. కారు ఇప్పుడు బాగుంది, కానీ ఆ లోన్ ఈఎంఐ ఇంకా కడుతూనే ఉన్నాం.

కారు విలువలో సగమా, రెట్టింపా అనేది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఇష్టమైన దాని మీద ఖర్చు పెట్టుకోండి. అన్నిటికంటే ఎక్కువ ఖర్చయితే ఎంతవుతుందో ఆ మొత్తం బ్యాంకులో ఉన్నప్పుడే ఇంజన్ విప్పండి. నడుస్తున్న కారుని పొగ వస్తున్నా అమ్ముకోవచ్చు. విప్పిన కారుకి కొనేవాడు ఉండడు.

జేసీ రోడ్ వీటెక్

అమ్మా, మీ మాట నిజం. అయినా మొత్తం చేరేదాకా ఆగాలంటే చాలామంది ఎప్పటికీ మొదలుపెట్టలేరు. విప్పడం, కొలవడం వరకు ఒక రేటు మాట్లాడుకుని అక్కడ ఆగే వీలు ఉంచుకోవచ్చు కదా?

అంబత్తూరు లేత్

నేను ఆవిడ పక్షం. చెన్నై గాలిలో విప్పిన బ్లాక్ నెలలు ఉంటే బోరులో తుప్పు పడుతుంది. ఆయిల్ రాసి, ప్లాస్టిక్ కవర్ చుట్టి ఉంచాలి, ఆ పని ఎవరూ సరిగ్గా చేయరు. బోల్టులు, క్లిప్పులు కూడా ఎక్కడివక్కడ ఉండవు.

వేళచ్చేరి సీడియా

అందరికీ ధన్యవాదాలు. శనివారం లీక్ డౌన్ చేయించాను, 4,000 అయింది. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో 12 నుంచి 14 శాతం. మూడో దాంట్లో 28, చప్పుడు ఆయిల్ మూత దగ్గరే. పాత ఓనర్‌కి ఫోన్ చేశాను. 2015లో కారు ముడిచూరులో టైర్లు మునిగేంత నీళ్లలో ఉందట, టో చేయించారట, ఆ తర్వాత ఏం చేశారో ఆయనకు గుర్తులేదు. రాడ్ వంగి ఉండొచ్చని అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో కూర్చుని ఇద్దరం కాగితం మీద రాశాం. దించి, విప్పి, కొలవడానికి 18,000. బోరింగ్ తప్పకపోతే పిస్టన్లు, రాడ్, లేత్ పని, బిగింపు కలిపి 1,40,000. క్లచ్, మౌంటింగులు, హోసుల కోసం 50,000. ఇప్పటికే పెట్టిన 4,000తో మొత్తం 2,12,000. నా దగ్గర లక్షన్నర ఉంది, 62,000 తక్కువ. ఏప్రిల్‌లో బోనస్ వస్తుంది. ఓఎంఆర్ గారి మాట విని అప్పటిదాకా విప్పకూడదని నిర్ణయించుకున్నాం. ఈ నాలుగు నెలలు కారు నడపొచ్చా, లేత్ గారూ?

అంబత్తూరు లేత్

కింద నుంచి కొట్టుడు చప్పుడు లేకపోతే మెల్లగా నడపండి. ముందు ఆయిల్ ప్రెషర్‌ని గేజ్ పెట్టి చూపించండి, డ్యాష్‌బోర్డు లైటుని నమ్ముకోవద్దు. ప్రెషర్ తక్కువ వచ్చినా, లోడ్ పడినప్పుడు టకటక వినిపించినా ఆ రోజే ఆపేయండి. లేదంటే క్రాంకు కూడా పోతుంది, మీరు వేసిన లెక్క ఇక పనికిరాదు. ప్రతి 300 కిలోమీటర్లకు డిప్‌స్టిక్ చూసి ఆయిల్ పోయండి, డిక్కీలో ఒక లీటరు ఉంచుకోండి.

వేళచ్చేరి సీడియా

సరేనండి. రేపు పొద్దున్నే గేజ్ పెట్టించి రీడింగ్ ఇక్కడ రాస్తాను.