నడుం నొప్పి, మోకాలి నొప్పి ఉన్నా నల్లగొండ నుంచి చెర్వుగట్టు దాకా నడవాలంటే ఎట్లా తయారు కావాలె?

మర్రిగూడ బిడ్డ:

అందరికీ నమస్తే. వచ్చే మాఘంల నల్లగొండ నుంచి చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి గుడి దాకా కాలినడకన పోవాలని ఉంది. మా ఇంటి నుంచి గట్టు మీదికి 18 కిలోమీటర్ల దాకా వస్తది. చేతిల ఆరు నెలలున్నయి.

వయసు 47. ఏడేండ్ల నుంచి నడుం నొప్పి. నడుం కింది దిక్కు ఎల్4-ఎల్5 వెన్నుపూసల నడుమ ఉండే డిస్క్ అరిగిందన్నరు. కుడి మోకాలు కూడా అరుగుడు మొదలైంది. బీపీ గోళీ రోజూ వేసుకుంట, షుగర్ లేదు. ఆపరేషన్ అక్కర్లేదు, నడవమని డాక్టర్ చెప్పిండు. ఎంత నడవాలె, ఎట్లా పెంచాలె అన్నది మాత్రం తెలుస్తలేదు. ఒకరోజు బాగుంటే గంటసేపు నడుస్త, తెల్లారి మంచం దిగలేను, మళ్ల మూడు రోజులు బంద్. రోజుకు పదివేల అడుగులు వెయ్యాలని అందరు అంటున్నరు, నాకు మూడువేలే గగనం. చెప్పులు, చేతికట్టె, నొప్పి గోళీ సంగతి కూడా చెప్పండి.

పాలమూరు ఫిజియో:

అక్కా, ముందు పదివేల లెక్క పక్కన పెట్టండి. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరులోనే ఆ అంకె ఉంది, అక్కడి నుంచి లోకమంతా పాకింది. మీ నడుముకూ దానికీ సంబంధం లేదు.

బాగున్న రోజు గంట నడిచి తర్వాత మూడు రోజులు పడుకోవడమే అసలు చిక్కు. చాలాకాలంగా నొప్పి ఉన్నవాళ్లలో నరాల వ్యవస్థ అతిగా మేలుకొని ఉంటుంది. చిన్న బరువుకే పెద్ద కేక వేస్తుంది. ఒకనాడు ఎక్కువ, మరునాడు సున్నా అయితే దానికి నడక అంటే ప్రమాదమనే పాఠం అందుతుంది. కాబట్టి నొప్పి చెప్పినప్పుడు ఆగడం కాదు, గడియారం చెప్పినప్పుడు ఆగాలి.

మొదలు ఇట్లా పెట్టండి. మూడు వేర్వేరు రోజులు, చదును నేల మీద, నొప్పి మామూలు కంటే పెరగడం మొదలైన నిమిషం రాసుకోండి. 21, 17, 19 వచ్చాయనుకోండి, సగటు 19. అందులో 80 శాతం అంటే 15 నిమిషాలు. అదే మీ మొదటి వారం నడక, వారంలో ఐదు రోజులు. బాగున్న రోజూ 15, బాగాలేని రోజూ 15. "ఇవాళ ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇంకో రెండు చుట్లు వేద్దాం" అనిపించిన రోజే మనిషి దెబ్బతినేది.

వారానికి పది శాతం పెంచండి. నాలుగో వారం పెంచొద్దు, అంతే ఉంచండి. నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేసుకోండి. నడకలో మామూలు కంటే రెండు మార్కులు పెరగడం ఫర్వాలేదు, మరునాడు అదే వేళకు మళ్లీ పాత చోటికి దిగాలి. దిగలేదంటే ఆ వారం పెంపు రద్దు. నొప్పి బాగా తిరగబెడితే రెండు మూడు రోజులు సగం సమయం నడవండి, ఆ తర్వాత పోయిన వారం లెక్క నుంచి ఎత్తుకోండి. పూర్తిగా మంచం పట్టడం వద్దు. పోయిన రోజుల బాకీ తీర్చడం అసలే వద్దు.

ఇప్పుడు మీ ఆరు నెలలను లెక్క వేద్దాం. మొదటి వారం పోను 24 వారాల్లో పెంపు ఉండేవి 18. పదిహేను నిమిషాలు 18 సార్లు పది శాతం చొప్పున పెరిగితే 83 నిమిషాలు అవుతుంది. గంటకు 3 కిలోమీటర్ల వేగంతో అది నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పద్ధెనిమిది కాదు. దీనికి నిరాశ పడకండి, లక్ష్యాన్ని ముక్కలుగా చేయండి. ఏకబిగిన 18 అన్నది ఈ మాఘానికి మీ ఒంటికి తగిన కొలత కాదు. రెండు పొద్దులు, పూటకు మూడేసి కిలోమీటర్ల ముక్కలు మూడు. ఒక్కో ముక్క గంట, మీ పై హద్దు 83 నిమిషాలు కాబట్టి ఎప్పుడూ అంచుకు పోరు. మధ్యలో అరగంట చొప్పున రెండు విరామాలు కలిపినా పొద్దున ఐదుకు బయలుదేరితే తొమ్మిదికి ఆ రోజు పని ముగుస్తుంది.

అయితే ముక్కలు కట్టడం కూడా నేర్పాలి ఒంటికి. పదో వారం నుంచి ఆదివారం ఒక్కరోజు, మామూలు నడక అయ్యాక అరగంట కూర్చొని, దానిలో సగం సేపు రెండో నడక. బయలుదేరే మూడు వారాల ముందు అసలు పరీక్ష: శనివారం ఆరు కిలోమీటర్లు, ఆదివారం మళ్లీ ఆరు. నడుం నొప్పి తన బిల్లు మరునాడు పంపిస్తుంది, అందుకని వరుసగా రెండు రోజులు నడిచి చూడందే ఏమీ తెలియదు.

గట్టుబాట:

పైన సారు చెప్పింది బంగారం లెక్క. బాట సంగతి నేను చెప్త.

నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద లారీలు ఆగవు. ఎదురొచ్చే బండ్లు కంటికి కనపడేటట్టు కుడిదిక్కు నడవాలె. చీకట్ల మెరిసే పట్టీలు భుజానికో సంచికో కట్టుకోవాలె, ఒక్కరే పోవద్దు. జాతర రోజులల్ల, అమాస నాడు ఆ బాట మీద మంది, బండ్లు కిక్కిరిసి ఉంటయి. నొప్పులున్నోళ్లకు తోపులాటల సడెన్‌గ పక్కకు తిరుగుడు, ఆగుడు చానా చేటు. మాఘంలనే అయినా మామూలు వారం నాడు పెట్టుకోండి.

రెండు పొద్దుల్ల నడవాలంటే ఉపాయం సులువు. మొదటి దినం ఆగిన తావు కిలోమీటరు రాయి నంబరుతోటి సహా ఫోటో తీసుకొని ఆటోల ఇంటికి రండి. తెల్లారి అదే ఆటోల ఆ రాయి కాడనే దిగి మళ్ల మొదలు పెట్టండి. రెండు దినాలు ఎడతెగకుండా ఉంటే మంచిది, కాకపోతే రెండు ఆదివారాలైనా ఏం కాదు.

ఇంకోటి చానామందికి తెల్వదు. రోడ్డు అంచు వాన నీళ్లు జారనీకి పక్కకు వాలు ఉంటది. గంటల కొద్ది ఒకటే అంచుకు నడిస్తే ఒక కాలు కిందికి, ఒకటి మీదికి పడి నడుం ఒకదిక్కు వంగుతది. అందుకని మట్టి గట్టు చదునుగ ఉన్న కాడ దాని మీదికి దిగండి. రోజూ నడిచేటందుకు ఎన్జీ కాలేజీ మైదానం అసొంటి చదును జాగ మంచిది. అక్కడ కూడా ఎప్పుడూ ఒకటే దిక్కు చుట్టు తిరగొద్దు, సగం అయినంక తిరిగి ఎదురు దిక్కు తిరగాలె. ఆఖరి రెండు నెలలు వారానికి ఒకసారి తారు మీద నడవాలె. మట్టి మీద నేర్చిన మోకాలు తారు మీద గింజుకుంటది.

బూట్లు సాయంత్రం పూట కొనాలె, అప్పుడు పాదం ఉబ్బి ఉంటది. అన్నిటికన్న పొడుగు వేలు ముందట బొటనవేలు వెడల్పంత సందు ఉండాలె. మడమ కాడ జారొద్దు. కనీసం నెల రోజులు అవే తొడిగి నడిచినంకనే బాట పట్టాలె. జీరుకుపోయి ఎర్రగయిన తావుల పొక్కు లేవకముందే గుడ్డ టేపు అంటించాలె. లేచినంక అంటిస్తే తోలు ఊడొస్తది. మేజోళ్లు రెండో జత సంచిల పెట్టుకోండి, విరామం కాడ తడివి మార్చండి. మొక్కు అని చెప్పులు లేకుండ నడిచేటోళ్లు ఉంటరు. అరిగిన మోకాలికి అది వద్దు, గుడి మెట్ల కాడ విడిస్తే చాలు.

కట్టె పట్టుడుల వందల తొంబై మంది తప్పు చేస్తరు. కుడి మోకాలు నొప్పి అంటే కట్టె ఎడమ చేతిల ఉండాలె. కుడి కాలు, ఎడమ చేతి కట్టె ఒక్కసారే ముందటికి పడాలె. నొప్పి దిక్కే పట్టుకుంటే ఒళ్లంత ఆ కాలు మీదికే వాలుతది. ఎత్తు ఎట్లా చూడాలెనంటే, నిటారుగ నిలబడి చెయ్యి ఊరికె వేలాడదీస్తే మణికట్టు గీత కాడికి కట్టె పిడి రావాలె. కింది రబ్బరు బుడిపె అరిగిందా చూడండి. అది అరిగితే తారు మీద సర్రున జారుతది.

నీటి లెక్క:

మీ పేరు చూసి రాస్తున్నాను అక్కా. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకు నడుం నొప్పి అంటే డిస్క్ ఒక్కటే అనుకోవద్దు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసలను కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. మెడ, నడుం కర్రలా బిగుసుకుపోవడం, కింద పడ్డ గ్లాసు తీయాలంటే ఒళ్లంతా మోకాళ్ల నుంచి వంచాల్సి రావడం, పళ్ల మీద గోధుమరంగు గీతలు ఉంటే డాక్టర్‌కు చెప్పి ముంజేయి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అడగండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి తెల్లగా కనబడటం దాని గుర్తు.

నడక మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోవడం ఎందుకంటే, వెన్ను దారి ఇరుకైతే నడక నొప్పి వేరేగా ఉంటుంది. కొంతదూరం నడిచాక పిరుదుల నుంచి పిక్కల దాకా తిమ్మిరి, బరువు. కూర్చున్నా, ముందుకు వంగినా రెండు నిమిషాల్లో తగ్గుతుంది. సైకిల్ తొక్కితే రాదు. రక్తనాళాలు పూడుకుంటే వచ్చే పిక్కనొప్పి అలా కాదు, ఊరికే నిలబడినా తగ్గుతుంది, సైకిల్ తొక్కినా వస్తుంది. రెండిట్లో ఏది కనబడినా పది శాతం లెక్క ఆపి ముందు డాక్టర్‌ను కలవాలి.

ఇవి కనబడితే అదే రోజు ఆసుపత్రికి పోవాలి: మూత్రం బిగుసుకోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి లేవక నేలకు ఈడ్చుకోవడం. ఇంకొకటి పైకి చిన్నగా కనిపిస్తుంది: కాలి చెప్పు జారి వెనక పడిపోయినా తెలియకుండా నాలుగడుగులు పోవడం. వెన్నుపాము నొక్కుకుంటే అలా అవుతుంది. దీన్ని మతిమరుపు అనుకొని వదిలేస్తారు.

నీళ్లు ఇంటి నుంచే మోసుకుపోండి. దారిలో బోరింగు కనబడ్డచోట నింపుకోవద్దు. కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆగిన ప్రతిచోటా టీ తాగే అలవాటు కూడా తగ్గించండి, తేయాకులోనే ఫ్లోరైడ్ ఎక్కువ. నల్ల ఉప్పు చల్లిన సోడాలూ వద్దు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసిన నీళ్లకు మాత్రమే కలపాలి, చిక్కగా కలిపితే మేలు బదులు కీడు. బీపీ ఉంది కాబట్టి చెమట బాగా పట్టిన రోజే అది, మిగతా రోజుల్లో మామూలు నీళ్లు చాలు.

నొప్పి గోళీ: డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకొని ఎండలో నడిచి, నీళ్లు సరిగా తాగకపోతే కిడ్నీల మీద దెబ్బ. బీపీ మందుల్లో కొన్నింటితో కలిస్తే ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది. పైగా ముందే గోళీ వేసుకుంటే ఎక్కడ ఆగాలో చెప్పే హెచ్చరిక గంటనే మూసేసినట్టు. మీ బీపీ గోళీ చీటీ చూపించి, నడిచే రోజుకు ఏది వేసుకోవచ్చో డాక్టర్‌తో ముందే రాయించుకోండి.

మర్రిగూడ బిడ్డ:

అందరికీ దండాలు. మూడు రోజులు చూసిన: 22, 16, 18. సగటు 18.7, 80 శాతం అంటే 15 నిమిషాలే వచ్చింది. ఇన్నొద్దులు కట్టె కుడి చేతిలనే పట్టుకున్న, మార్చిన. పళ్ల మీద గీతలున్నయి, ఎక్స్‌రే సంగతి ఈ సోమవారం అడుగుత. ఒక్కటి అడగాలె: ఆఖరికి గట్టు మెట్లు ఎక్కుడు, దిగుడు ఎట్లా?

పాలమూరు ఫిజియో:

మంచిది అక్కా, 15తోనే మొదలుపెట్టండి. ఎక్స్‌రే ఫలితం వచ్చేదాకా పెంచకండి, అంతే ఉంచండి.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు, అంటే ఎడమ, ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు, అంటే కుడి, ముందు, కట్టె దానితోపాటు కింది మెట్టు మీదికి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కలపండి, కమ్మీ ఉన్న వైపు ఉండండి. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఎందుకంటే తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. దానికి ఇప్పటి నుంచే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోండి. పదేసి సార్లు రెండు దఫాలు, వారంలో మూడు రోజులు. నడిచిన వెంటనే వద్దు, సాయంత్రం చేయండి.

ఆ రోజు మాత్రం మెట్లు ఎక్కండి, దిగేది ఘాట్ రోడ్డున బండిలో.

గట్టుబాట:

గుళ్లెకు పోయినంక పావుగంట కాళ్లు చాపుకొని కూసోండి, ఆ తర్వాతే బండెక్కండి. నడిచిన కాళ్లు వెంటనే మడిస్తే ఇంటికాడ దిగేటప్పుడు బిగుసుకపోతయి. బూట్ల లేసులు మాత్రం కొంచెం వదులు చెయ్యండి, అప్పటికి పాదం పొద్దుగాల కన్న ఉబ్బి ఉంటది.