డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్లు రాత్రంతా ఊచలు కొరుకుతున్నాయి, కొట్టుకుంటున్నాయి. ఏది ముందు మార్చాలి?

ప్రశ్న: వరంగల్_వాసి

నమస్తే అండీ. ఇంట్లో రెండు వింటర్ వైట్ డ్వార్ఫ్‌లు ఉన్నాయి, వయసు మూడు నెలలు ఉంటుంది. షాపువాళ్లు ఇచ్చిన కేజే వాడుతున్నాం: ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంతస్తులు. అడుగున రెండంగుళాల రంపపు పొట్టు. చక్రం అరచేయంత. మేత పొద్దుతిరుగుడు గింజలు, అప్పుడప్పుడు అరటిపండు ముక్క. రాత్రి పదింటికి ఊచలు కొరకడం మొదలుపెడితే తెల్లారేదాకా ఆపవు. వారం నుంచి కీచుమంటూ కొట్టుకుంటున్నాయి, ఒకదాని వీపు మీద చిన్న గాటు పడింది. మధ్యాహ్నం గది బాగా వేడెక్కుతుంది. కూలర్ ఉంది, ఏసీ లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: చిట్టెలుక_నేస్తం

కేజ్, మేత తర్వాత చూద్దాం. ముందు ఇవాళే రెండిటినీ విడదీయండి. ఉత్త అరుపులైతే ఆగి చూడొచ్చుగానీ, గాయం కనబడ్డాక మళ్లీ కలపకూడదు. రాత్రికి రాత్రే ఒకటి చనిపోయే ప్రమాదం ఉంది. మధ్యలో జాలీ అడ్డం పెడితే సరిపోదు, వాసన తగులుతూనే ఉంటుంది కాబట్టి ఒత్తిడి తగ్గదు. కొత్త కేజ్ వచ్చేదాకా నున్నటి నిటారు గోడలున్న లోతైన ప్లాస్టిక్ టబ్బు చాలు. అట్టపెట్టె వద్దు, గంటలో కొరికి బయటపడుతుంది.

గాయాన్ని నార్మల్ సెలైన్‌తో తుడవండి. పసుపు, పౌడరు, యాంటీసెప్టిక్ లోషన్ రాయకండి, నాకి మింగేస్తుంది. వాపు, చీము కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కుక్కలు, పిల్లులే కాక కుందేళ్లు, గినీ పిగ్‌ల వంటివాటిని కూడా చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి.

ఆడా మగా కూడా చూడండి. గాజు సీసాలో పెట్టి కింద నుంచి చూస్తే తెలుస్తుంది: రెండు రంధ్రాల మధ్య ఎడం బాగా ఉంటే మగది, దాదాపు ఆనుకుని ఉంటే ఆడది. జంట అయితే చూలు 18 నుంచి 21 రోజులు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు, విడదీయమనడానికి అదొక కారణం. పిల్లలు పుడితే రెండు వారాలు గూడు కదపకండి. బెదిరిన తల్లి పిల్లల్ని తినేస్తుంది.

జవాబు: పాత_అక్వేరియం

పళ్లు అరగదీసుకోవడానికి ఊచలు కొరుకుతుందనే మాట నమ్మకండి. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానికొకటి రాసుకునే చాలామటుకు అరుగుతాయి. ఊచలు కొరుకుతోందంటే చోటు చాలట్లేదని, తవ్వుకోవడానికి లోతు లేదని. అలాగే వదిలేస్తే పళ్లు విరుగుతాయి, వంకర తిరుగుతాయి, ముక్కు మీద బొచ్చు ఊడుతుంది.

ఒక్కోదానికి నేల 100 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు లక్ష్యంగా పెట్టుకోండి. పై అంతస్తులు లెక్కలోకి రావు. మన దగ్గర చవకైన దారి, నీళ్లు కారుతోందని పక్కన పడేసిన మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అక్వేరియం. 91 × 46 వస్తుంది, కాస్త తక్కువైనా బాగానే పనికొస్తుంది. పైన చెక్క ఫ్రేముకి 6 మి.మీ. జాలీ బిగించండి, గాజుమూత పెడితే గాలాడదు. ఊచల కేజే కొంటే ఊచల మధ్య సందు 7 మి.మీ. మించకూడదు. తల దూరిందంటే ఒళ్లంతా దూరినట్టే.

అడుగున పరిచే పొట్టు, అంటే పరుపు, సగం చోట 20 నుంచి 25 సెం.మీ. లోతు, మిగతా సగం 10. పేపర్ బెడ్డింగో ఆస్పెన్ అనే చెట్టు చెక్క పొట్టో వాడండి, మధ్యలో ఎండుగడ్డి పొరలు వేస్తే సొరంగాలు కూలవు. కోత మిల్లు పొట్టులో ఏ చెక్క కలిసిందో తెలియదు, దుమ్ముకి తుమ్ములు పట్టుకుంటాయి. షాపుల్లో మెత్తగా దూదిలా అమ్మేదాన్ని అసలు ముట్టుకోకండి. పోగులు కాలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, మింగితే పేగుకి అడ్డం పడుతుంది. గూటికి రంగు, సువాసన లేని టిష్యూ చింపి వేస్తే చాలు. ఇల్లు, రాతిపలక లాంటి బరువైనవి నేల మీదో కాళ్ల మీదో నిలబెట్టాలి. పరుపు మీద పెడితే కింద తవ్వుకుని నలిగిపోతుంది.

చక్రం 20 సెం.మీ., కమ్ములు లేకుండా నిండుపట్టీ ఉన్నది. పరుగెత్తేటప్పుడు వీపు వంగుతోందంటే చిన్నదైనట్టు. శుభ్రం చేసేటప్పుడు మొత్తం ఎత్తి పారేయకండి. తడిసిన మూల రోజూ తీసేయండి, మిగతాది మూడో వంతు చొప్పున మార్చండి. సొంత వాసన పోతే కంగారు పడి మళ్లీ కొరకడం మొదలెడుతుంది.

జవాబు: కొర్రలు_సజ్జలు

అరటిపండు ఈరోజుతో ఆపేయండి. వింటర్ వైట్ పేరుతో అమ్మేవాటిలో క్యాంప్‌బెల్ అనే మరో డ్వార్ఫ్ రకంతో కలిసినవి చాలా ఉంటాయి, వాటికి షుగర్ వ్యాధి ముప్పు ఎక్కువ. పండ్లు, తేనె, బెల్లం, మొక్కజొన్న ఎక్కువున్న రంగురంగుల మిక్స్‌లు వద్దు.

రోజుకి ఒక్కోదానికి ఒక టీస్పూను, మహా అయితే ఒకటిన్నర. కొర్రలు, సామలు, సజ్జలు ప్రధానంగా, కాస్త ఓట్స్, చిటికెడు అవిసెలు, నువ్వులు. పొద్దుతిరుగుడు గింజలు రోజుకి రెండు మూడు మించొద్దు, అంతా కొవ్వే. వారానికి రెండు మూడు సార్లు బఠాణీ గింజంత ఉడికిన గుడ్డు తెల్లసొన. కీరా గోరంత, కొత్తిమీర ఒక రెమ్మ. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి, పచ్చి ఆలుగడ్డ, పచ్చి రాజ్మా, ఉప్పు తగిలినవేవీ పెట్టకండి. గింజలు మూలన దాచుకుంటుంది. తడిసినవి తీసేసి మిగతావి అక్కడే వదిలేయండి.

జవాబు: ఎండల_కాలం

18 నుంచి 24 డిగ్రీలు వాటికి హాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. కేజ్ పక్కనే ఒక థర్మామీటర్ పెట్టండి, ఊహించడం కుదరదు. పడమటి గోడకి, వంటింటికి దూరంగా, లోపలి గదిలో ఉంచండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి, ఆ తేమకి పరుపు బూజు పడుతుంది. కిటికీ తెరిచి గదిని చల్లబరచడానికే వాడండి. ఫ్రిజ్‌లో పెట్టిన గ్రానైట్ ముక్క ఒకటి లోపల, గడ్డకట్టిన నీళ్ల సీసా తువ్వాలులో చుట్టి బయట ఒక పక్క గాజుకి ఆనించి. రెండో పక్క మామూలుగానే ఉండాలి, ఎక్కడుండాలో అదే తేల్చుకుంటుంది. చిన్న మట్టికుండ బోర్లించి, అంచు కాస్త కొట్టి దారి చేస్తే మంచి గూడు.

సాగిలపడి ఒగరుస్తూ, నోటి చుట్టూ తడిగా కనిపిస్తే వడదెబ్బే. చల్లటి చోటికి మార్చి, మామూలు నీళ్లతో చెవులు, పాదాలు తడిపి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లలో ముంచకండి.

నీళ్ల సీసా గొట్టం చివరుండే గోళీ ఇరుక్కుపోవడం మామూలే. పొద్దున, రాత్రి వేలితో నొక్కి చూడండి, తోడుగా ప్రమిదలో కాసిని నీళ్లు పెట్టండి. చీమలకి స్టాండు కాళ్లు నీళ్ల పళ్లేల్లో ఉంచండి. చీమల సుద్ద, దోమల కాయిల్, అగరుబత్తి ఆ గదిలోకే రాకూడదు.

వరంగల్_వాసి

రెండిటినీ వేరే టబ్బుల్లో పెట్టేశాం. రెండూ మగవే. అక్వేరియం కోసం చూస్తున్నాం. ఇంకొక్కటి: స్నానానికి షాపులో పౌడరు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: చిట్టెలుక_నేస్తం

పౌడరు వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లతో స్నానమూ వద్దు. ఇసుక కావాలి. సముద్రపు ఇసుక కాకుండా సన్నటి ఏటి ఇసుక తెచ్చి నీళ్లు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టి, మూకుట్లో 20 నిమిషాలు వేయించి, చల్లారాక జల్లెడ పట్టండి. వెడల్పాటి గిన్నెలో మూడు నాలుగు సెం.మీ. లోతు పోసి, ఎప్పుడూ కేజ్‌లోనే ఉంచేయండి. చాలావరకు మూత్రం కూడా అందులోనే పోస్తుంది కాబట్టి రెండ్రోజులకోసారి జల్లించాలి. మూత్రానికి కట్టిన ఇసుక గడ్డలు జిగురుగా ఉండి, నీళ్ల సీసా మునుపటికంటే త్వరగా ఖాళీ అవుతుంటే షుగర్ పరీక్ష చేయించండి.