ఆరు నెలలు బండి తీయకపోతే: వారానికోసారి స్టార్ట్ చేయాల్నా, బ్యాటరీ వైరు పీకి పెట్టాల్నా?

దేవరకొండ రోడ్డు సారు:
అందరికి నమస్తే. మార్చి మొదటి వారంల మేమిద్దరం అమెరికా పోతున్నం. మేల బిడ్డ డెలివరీ. మళ్ల నల్లగొండకు వచ్చేది ఆగస్టు ఆఖరుకే. ఇంటి ముంగట రేకుల షెడ్డు కింద 2018 మోడల్ స్విఫ్ట్ ఉంటది, పెట్రోల్ బండి.

మా బామ్మర్ది "బావా, ఆదివారం ఆదివారం వచ్చి పది నిమిషాలు స్టార్ట్ చేసి బంద్ జేస్త, నువ్వు బేఫికర్‌గ పో" అంటుండు. బండి చూసే మెకానిక్ "ఎవ్వల్ని ముట్టనియ్యకుండ్రి సార్, మైనస్ వైరు పీకి పోండ్రి" అంటుండు. ఇద్దరూ నా మంచికే చెప్తున్నరు గని ఒకరి మాట ఒకరు వింటలేరు.

2020 లాక్‌డౌన్‌ల నేనేం చేయలే, అట్లనే ఇడిసిపెట్టిన. రెండు నెలలకు చూస్తే బ్యాటరీ సచ్చింది, హ్యాండ్ బ్రేక్ పట్టేసింది. నలుగురం కలిసి నూకితే ముందల చక్రాలు తిరిగినయి, ఎనక చక్రాలు మట్టిల గీసుకుంట వచ్చినయి. మళ్ల ఆ పని కావద్దు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు భయ్యా:
బామ్మర్ది మాటే కరెక్ట్ సార్. ఇంజన్ నిలబడితే ఆయిల్ అంతా కిందికి జారిపోతది, పైన పొడిబారుతది. ఏసీ కూడా అంతే. కంప్రెసర్ అప్పుడప్పుడు తిరగకపోతే సీలు ఎండి గ్యాస్ లీకైతది. మనిషి ఆరు నెలలు మంచంల పంటే కాళ్లు పనిచేస్తయా? బండి కూడా గంతే. వారానికి పది నిమిషాలు, ఏసీ ఆన్‌ల పెట్టి. బ్యాటరీ కూడా చార్జ్ అయితది.

పదో నంబర్ స్పానర్:
మెకానిక్‌ను. పాలమూరు అన్నా, ఏసీ సంగతి ఒప్పుకుంట. మిగతాది ఒప్పుకోను.

పది నిమిషాలు నిలబెట్టి ఇంజన్ నడిపితే కూలెంట్ ముల్లు సగం దాక లేస్తదేమో గని లోపలి ఆయిల్ కాగదు. సైలెన్సర్ అయితే తోక దాక ఎన్నడు వేడెక్కదు. పొద్దుగాల స్టార్ట్ చేసిన బండి సైలెన్సర్ కెళ్లి నీళ్లు చుక్కలు చుక్కలు కారేది మీరందరు చూసే ఉంటరు. ఇంజన్ల పుట్టిన నీళ్లే అవి. బండిని రోడ్డు మీద కొడితే ఆవిరై పోతయి. నిలబెట్టి బంద్ జేస్తే లోపల్నే ఉంటయి. ఆరు నెలలకు ఇరవై ఆరు ఆదివారాలు. అన్నిసార్లు తడిపి తడిపి మూతేసినట్టు. సైలెన్సర్‌ను లోపల్నుంచి తుప్పు తింటది, పైకి ఏం కనబడదు. అమెరికా నుంచి వచ్చినోళ్ల బండ్లు నాకాడికి మస్తు వస్తయి. అసలే ముట్టని బండి ఒక్క బ్యాటరీతోటి తేలిపోయేది. "మా తమ్ముడు వారం వారం స్టార్ట్ చేసిండు" అన్న బండికే ప్లగ్గులు నల్లగయినయి, సైలెన్సర్ పొక్కలు పడ్డయి.

సాగర్ హిల్ కాలనీ:
రిటైర్డ్ ఇంజనీరును. స్పానర్ గారు అనుభవంతో చెప్పినదానికి లెక్క కూడా ఉంది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. పది నిమిషాల ఐడ్లింగ్‌కు నూరు, నూటయాభై మిల్లీలీటర్లు కాలుతుందనుకుంటే, చాయ్ గ్లాసు నిండా నీళ్లన్నమాట. ఎక్కువ భాగం ఆవిరిగా బయటికే పోతుంది, కొంత చల్లని సైలెన్సర్‌లో మిగులుతుంది.

బ్యాటరీ విషయంలో మాత్రం రెండు పక్షాలవాళ్లూ తప్పు లెక్క చెబుతుంటారు. "స్టార్ట్ చేస్తేనే బ్యాటరీ అంతా గుంజుకుపోతుంది" అనేది నిజం కాదు. స్టార్టర్ రెండు సెకన్లు తిరగడానికి పోయే చార్జ్ చాలా తక్కువ. అసలు దొంగ వేరే. తాళం తీసి బండి దిగిపోయినా సెంట్రల్ లాక్, గడియారం, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మెలకువగానే ఉండి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంటాయి. 50 అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. సారు బండిలో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే 29 రోజులకు సున్నా. స్టార్ట్ కాకపోవడానికి అన్ని రోజులు కూడా అక్కర్లేదు. ఇక బామ్మర్ది గారి లెక్క చూడండి: వారంలో పోయింది 8.4. పది నిమిషాల్లో అది తిరిగి ఎక్కాలంటే ఆపకుండా 50 ఆంపియర్ల చార్జింగ్ కావాలి. నిలబెట్టిన బండిలో నడిచే ఇంజన్‌తో, పైగా ఏసీ వేసి, అది అయ్యే పని కాదు. ప్రతి వారం కొంచెం కొంచెం లోటు మిగులుతూ పోతుంది.

వైరు తీసినా బ్యాటరీ తనంతట తాను కొంత కరుగుతుంది. వేడికి అది పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు అంటే ఆలోచించండి. నన్నడిగితే బ్యాటరీని పూర్తిగా విప్పి ఇంట్లో నీడన పెట్టి, మే ఆఖరులో ఎవరితోనైనా ఒకసారి చార్జ్ చేయించాలి. నిండుగా ఉన్నదానికి మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించాలి. 12.4 కంటే కిందికి పోయి అట్లాగే ఉంటే లోపలి ప్లేట్లు పాడవుతాయి.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు:
మా కథ కూడా వినుండ్రి. పోయిన ఏడాది మేం కొడుకు కాడికి పోయినం, తమ్మునికి తాళం ఇచ్చి. "వారం వారం పది నిమిషాలు స్టార్ట్ చేస్తున్న అన్నా" అని ఫోన్ల చెప్పెటోడు. నాకేమో ఫాస్టాగ్ మెసేజులు. ఒకనాడు పంతంగి టోల్‌గేటు, ఇంకోనాడు కొర్లపహాడ్ టోల్‌గేటు. మూడు గంటలు కాంగనే మళ్ల పంతంగి. లగ్గాల సీజన్ మొత్తం నా బండే తిరిగింది. వచ్చి చూస్తే ఎనక సీట్ల కింద అక్షింతలు, పసుపు.

ఇగ అసలు మాట. వచ్చిన తెల్లారి తాళం తిప్పితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది. బ్యాటరీ గట్టిగుంది, బ్రేకులు మంచిగున్నయి, ఏసీ మంచు లెక్క. తమ్ముని మీద కోపం చేయాల్నో, దావత్ ఇయ్యాల్నో తెల్వలే.

పదో నంబర్ స్పానర్:
నేను చెప్పేది కూడా అదే అన్నా. నడిపితే మస్తు మంచిది. ఇరవై కిలోమీటర్లు, అరగంట, పదిహేను రోజులకోసారి. నడిపే మనిషి ఉంటే నడపనియ్యి. లేకుంటే ముట్టకు. నడుమల ఉన్న ఈ పది నిమిషాల ముచ్చటే బేకార్. ఇగ బీఎస్6 డీజిల్ బండి అయితే ఆ పని అస్సలు చేయొద్దు, డీపీఎఫ్‌ల, అంటే పొగల మసి పట్టే ఫిల్టర్ల, మసి నిండుతది.

మిర్యాలగూడ మిల్లు:
మీరు బ్యాటరీ, నీళ్లు అంటున్నరు గని ఎలకల సంగతి ఎవ్వరు ఎత్తుతలేరు. మా ఇంటి పక్కనే రైస్ మిల్లు. నలభై రోజులు బండి తీయలే. బానెట్ లేపితే ఇంజన్ మీద గడ్డి, ఊక, చింపిన సంచి పీలికలు, గూడు లెక్క పేర్చి ఉన్నయి. ఇంజెక్టర్ల కాడికి పోయే వైర్లు ఒక్కొక్కటి రాగి కనబడేదాక కొరికి పెట్టింది. ప్లాస్టిక్ గొట్టం ఒకటి సగం లేనే లేదు. వైరింగ్‌కు అయిన ఖర్సుల రెండు కొత్త బ్యాటరీలు వస్తుండె. డాంబర్ గోలీలు పెట్టిన, పొగాకు కాడలు కట్టిన. వాసన ఉన్నన్ని రోజులే ఆగుతయి.

ఎలకకు చీకటి కావాలె, ఎవ్వడు రానితనం కావాలె. రెండు లేకుండ చేసుడే మందు. బామ్మర్ది వస్తా అంటుండు కదా, రానియ్యిండ్రి సార్. వచ్చి స్టార్ట్ చేయద్దు. బానెట్ లేపి గంట సేపు ఎండ తగలనిచ్చి, లోపల చూసి మూసి పోవాలె. నా మాట వింటే ఇల్లు ఊడ్చినోళ్లకు కూడా చెప్పుండ్రి, బండి కింద పప్పు గింజ కూడా పడనియ్యద్దని.

పాలమూరు భయ్యా:
సరే, బ్యాటరీ లెక్క చూసి ఒప్పుకున్న. మరి పెట్రోల్? నేనైతే టాంకు ఖాళీగ ఉంచుత. వచ్చినంక కొత్తది పోసుకుంటం. పాతది పాడయితది కదా.

సాగర్ హిల్ కాలనీ:
నేను నిండా పోయిస్తాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది, ఇథనాల్‌కు గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. ఖాళీ టాంకులో గాలి ఎక్కువ, జులై, ఆగస్టు వానల్లో తేమా ఎక్కువ. కాకపోతే పంపు మొదటిసారి టక్కున ఆగిన దగ్గరే ఆపించండి, మూతి దాకా పోయిస్తే ఎండకు పొంగుతుంది. పెట్రోలు నిలవ ఉండే గడువుకు ఆరు నెలలంటే అంచు మీదే ఉంది. రాగానే కొంత వాడేసి కొత్తది కలపండి.

పాలమూరు భయ్యా:
ఇది మాత్రం నేను ఒప్పుకోను సార్. పాడయ్యేదాన్ని 37 లీటర్లు ఎందుకు పాడుచేసుడు?

జడ్చర్ల అక్క:
మగోళ్లంతా లెక్కలు కడుతున్నరు, తాళం సంగతి చెప్పలే. బ్యాటరీ తీసేస్తే రిమోట్ పనిచేయదు. తాళంచెవి పెట్టి డ్రైవర్ డోర్ తిప్పి చూసుకోండి ముందే. మా బండికి ఎన్నడూ తాళంచెవి పెట్టక ఆ రంధ్రం దుమ్ముతోని బిగుసుకపోయి ఉండె, మా ఆయన గంట తన్లాడిండు. బానెట్ లేపే లివర్ లోపల్నే ఉంటది కదా, డోర్ తెరుచుకోకపోతే బ్యాటరీ బిగించుడు ఎట్లా?

ఇంకోటి. పోయేముందు కడిగించి, పూర్తిగ ఆరినంక బట్ట కవర్ వెయ్యిండ్రి. ప్లాస్టిక్ కవర్ వద్దు, వానలకు లోపల బూజు పడుతది. బోరు నీళ్లతో కడిగి ఎండల వదిలితే తెల్ల మచ్చలు పోవు.

పదో నంబర్ స్పానర్:
అక్క మంచి మాట చెప్పింది. బోరు నీళ్లంటే యాదికొచ్చింది. బ్యాటరీ నీళ్లు పోసేది అయితే డిస్టిల్డ్ వాటరే పోయించుండ్రి. మన ఫ్లోరైడ్ నీళ్లు మన నోట్ల పండ్లనే ఏం చేసినయో చూసినం, ప్లేట్లను ఇడుస్తయా?

విప్పేటప్పుడు ముందు నల్లది, మైనస్. బిగించేటప్పుడు నల్లది ఆఖరుకు. ఉల్టా చేస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తయి. హ్యాండ్ బ్రేక్ గుంజొద్దు, గేర్ల పెట్టి ముందల ఎనక ఇటుకలు. లాక్‌డౌన్ల సారు బండి పట్టుకున్నది గదే, డ్రమ్ముల లైనింగ్ అతుక్కుంది. టైర్లకు డోర్ కాడ రాసినదానికంటే 4, 5 పాయింట్లు ఎక్కువ కొట్టించుండ్రి. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి, స్టీరింగ్‌కు ఎర్ర గుడ్డ కట్టుండ్రి, వచ్చినంక ఆ మూతి గుడ్డ తీసుడు మర్చిపోకుండ.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు:
ఇన్సూరెన్స్ తారీఖు చూసుకున్నరా సార్? మేం లేనప్పుడు అయిపోయింది. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతది. నాది పోయింది.

దేవరకొండ రోడ్డు సారు:
అందరికి దండాలు. చూసుకున్న, జూన్ల అయిపోతది. రేపే కడుత. బ్యాటరీ విప్పి దేవుని రూము పక్కన పెడుతున్న, మే ఆఖరుకు మెకానిక్ వచ్చి చార్జింగ్ పెడుత అన్నడు. తాళంచెవి పెట్టి చూసిన. అక్క చెప్పినట్టే తిరగలే, నూనె చుక్క వేస్తే వచ్చింది. టాంకు నిండానే పోయిస్తున్న, పాలమూరు తమ్మి ఏమనుకోవద్దు.

బామ్మర్ది బానెట్ లేపి చూసేటందుకు ఒప్పుకున్నడు గని, "స్టార్ట్ కూడా చేయకపోతే ఇగ నేనెందుకు బావా" అని మొఖం ముడుసుకున్నడు. మల్లె చెట్లకు నీళ్లు పోసే పని కూడా ఆయనకే అప్పజెప్పిన. జర నిమ్మలమయిండు.