లింకన్ సెంటర్ స్వింగ్ సాయంత్రం: వాలంటీర్లు కావాలి, ఈసారి అందరం ఫ్లోర్ మీదే

అందరికీ నమస్కారం. ఈ వేసవి విహారానికి న్యూయార్క్‌లోని కళా ప్రదర్శనల ప్రాంగణం లింకన్ సెంటర్‌లో ఆరుబయట జరిగే స్వింగ్ డాన్స్‌కే (జాజ్ సంగీతానికి జోడీలుగా ఆడే ఆట) వెళ్దామని పోయిన మీటింగ్‌లో అనుకున్నాం కదా, ఆ పనులు పంచుకోవడానికి ఈ థ్రెడ్. తేదీ ఇంకా ఖాయం కాలేదు. వాళ్ల వేసవి ఉత్సవం 'సమ్మర్ ఫర్ ది సిటీ'లో ఒక్కో రాత్రి ఒక్కో రకం సంగీతం ఉంటుంది, ఒకరోజు సల్సా అయితే ఇంకోరోజు డిస్కో. మనకు కావాల్సింది బిగ్ బ్యాండ్, అంటే ట్రంపెట్లు, డ్రమ్ములతో వాయించే పెద్ద జాజ్ బృందం ఉన్న శనివారం. అది చూసి ఇక్కడే పెడతాను, ఈలోపు మిగతావి తేల్చుకుందాం.

ముందు ఒక మాట. పోయినేడు మేం ఆరుగురు స్నేహితులం వెళ్లాం. ఇంట్లోంచి బయల్దేరడమే గంట ఆలస్యం చేశాం, బ్యాండ్ మొదలయ్యే ముందు కొత్తవాళ్లకు నేర్పించే పాఠం అయిపోయింది. మిగిలిందేముంది, బ్యాగులు పట్టుకుని ఫౌంటెన్ దగ్గర నిలబడి చూశాం. చుట్టూ వందల మంది, ట్రంపెట్లు మోగుతుంటే తాతలు, కాలేజీ పిల్లలు, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లు అందరూ కలిసి ఆడుతున్నారు, మేం మాత్రం ఫోన్లో వీడియో తీసుకుంటున్నాం. అప్పుడు ఎనభై ఏళ్లు ఉండొచ్చు, ఒక పెద్దాయన వచ్చి మా స్నేహితురాలి ముందు చెయ్యి చాచారు. తనకు రాదంది. పర్లేదు, నడవడం వస్తే చాలన్నారు. రెండు పాటలయ్యేసరికి తను నవ్వుతూ వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ లాక్కెళ్లింది. చివరి గంట మేం ఆడిన ఆట నాకు ఏడాదంతా గుర్తుంది. మొదటి గంట పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే. ఈసారి మన సంఘం నుంచి ఒక్కరు కూడా అంచున నిలబడి ఇంటికి రాకూడదని నా కోరిక, కింద రాసినవన్నీ అందుకోసమే.

మనకు రాదు అనే భయం గురించి. కోలాటం ఆడినవాళ్లకు ఇది సగం వచ్చినట్టే. మొదటి పాఠంలో అందరినీ గుండ్రంగా నిలబెడతారు, రెండు నిమిషాలకోసారి జోడీ మారుస్తారు, కోలాటంలో కోలలు తగిలిస్తూ పక్కవాళ్ల దగ్గరికి జరిగినట్టే. ముందు నేర్పేది ఆరు లెక్కల అడుగు: ఒక రాక్ స్టెప్, అంటే వెనక్కి ఒక అడుగు వేసి మళ్లీ ముందుకు, తర్వాత రెండు ట్రిపుల్ స్టెప్‌లు, అంటే ఒక్కోసారి రెండు లెక్కల్లో మూడు చిన్న అడుగులు. స్వింగ్‌లో ఒక రకమైన లిండీ హాప్‌లో అసలైన కదలిక స్వింగ్ అవుట్ (జోడీ దగ్గరికొచ్చి మళ్లీ దూరం జరగడం) ఎనిమిది లెక్కలు, ఆది తాళం తెలిసిన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఒక్కటే తేడా, మనం భజనలో 1, 3 లెక్కల మీద చప్పట్లు కొడతాం, ఇక్కడ 2, 4 మీద కొట్టాలి. ఇంట్లో జాజ్ బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ పాట ఏదైనా పెట్టుకుని, బేస్ వాయిద్యం లయతో పాటు వంటింట్లో నడుస్తూ సాధన చేయండి. నేను అలాగే నేర్చుకున్నాను.

ఈ ఆట ఎక్కడిదో పిల్లలకు చెప్పి తీసుకెళ్లాలని కూడా ఉంది. న్యూయార్క్‌లోని హార్లెం పేటలో లెనాక్స్ అవెన్యూ మీద, 140, 141 వీధుల మధ్య సవాయ్ బాల్‌రూం అనే డాన్స్ హాలు ఉండేది. 1926లో తెరిచారు, 1958లో మూసేశారు. నల్లవాళ్లకు చాలాచోట్ల లోపలికే ప్రవేశం లేని కాలంలో అక్కడ నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే ఫ్లోర్ మీద ఆడారు. ఎవరు ఏ రంగు అన్నది కాదు, బాగా ఆడతారా లేదా అన్నదే అక్కడ లెక్క. డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండ్ అక్కడే వాయించేది, గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ ఆ బ్యాండ్‌తోనే పాడారు. అక్కడ పెరిగిన ఫ్రాంకీ మానింగ్ గొప్ప డాన్సర్ అయ్యి, స్వింగ్ కాలం వెనకబడ్డాక పోస్టాఫీసులో ఉద్యోగం చేసుకున్నారు. 1980ల్లో కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చి అడిగితే మళ్లీ మొదలుపెట్టి, 2009లో పోయేదాకా దేశదేశాలు తిరిగి నేర్పారు. ఆయన పుట్టినరోజు మే 26నే ఇప్పుడు ప్రపంచ లిండీ హాప్ దినంగా చేసుకుంటారు. లింకన్ సెంటర్ కట్టిన చోటు కూడా ఖాళీ స్థలమేం కాదు, శాన్ హువాన్ హిల్ అని నల్లవాళ్లు, పోర్టోరికో వాళ్లు ఉండే పేటను పడగొట్టి కట్టారు. మనం అక్కడ ఆడుకునే ముందు పిల్లలకు ఇది తెలిసుండాలి.

సరే, ప్రయాణం. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి రైలు, పెన్ స్టేషన్‌లో దిగి 1 నంబర్ సబ్‌వే, 66వ వీధి స్టేషన్. సబ్‌వేలో 44 అంగుళాల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, పెద్దవాళ్లు కార్డో ఫోనో ట్యాప్ చేస్తే చాలు. కార్లు వద్దు, అక్కడ పార్కింగ్ వెతకడంలోనే పాఠం పోతుంది.

తిండి సెంట్రల్ పార్క్‌లో షీప్ మెడో గడ్డి మీద తినేసి నడుచుకుంటూ వెళ్దాం, పక్కనే. పులిహోర, దద్దోజనం, జంతికలు చాలు. దయచేసి పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి ఆవకాయ ఆ ఒక్కపూట వద్దు, పాఠంలో పదిమందికి దగ్గరగా నిలబడతాం.

బట్టల గురించి ఆడవాళ్లు అడుగుతున్నారు. కాటన్ కుర్తీ హాయి. చీర కట్టుకోవాలనుంటే కట్టుకోండి కానీ కుచ్చిళ్లు కాస్త పైకి కట్టి పిన్ను గట్టిగా పెట్టండి. చున్నీ నడుముకు ముడేయండి. గాజులు, పొడుగు జుంకాలు తీసేయాలి, తిరిగేటప్పుడు అవతలివాళ్లకు తగులుతాయి. కొత్త రన్నింగ్ షూస్ వద్దు, అడుగు నేలకు పట్టేస్తే మోకాలు మెలిపడుతుంది. అరిగిన నున్నటి కాన్వాస్ షూస్ మంచివి. అందరూ మార్చుకోవడానికి ఇంకో చొక్కా, చిన్న తువ్వాలు తెచ్చుకోండి, జూలైలో ఆ చెమట మామూలుగా ఉండదు.

వాలంటీర్లు కావాల్సినవి: రైల్లో తలలు లెక్కపెట్టేవాళ్లు ముగ్గురు, నీళ్లకు ఇద్దరు, పిల్లల దగ్గర వంతులవారీగా నలుగురు (ఒక్కొక్కరు అరగంటే, ఎవరి ఆటా పోకూడదు), బ్యాగుల దగ్గర ఒకరు. కింద రాయండి.

— నీళ్లు నేను, మా తమ్ముడు చూసుకుంటాం అక్కా. చల్లబెట్టే డబ్బా చక్రాలది ఉంది, మెట్ల దగ్గర మాత్రం ఇంకొకరు పట్టాలి.

— అక్కా, ఇక్కడ అడగొచ్చో లేదో. జోడీలు మారుస్తారంటే మా వారికి, నాకు కూడా కాస్త మొహమాటంగా ఉంది. కొత్తవాళ్ల చెయ్యి పట్టుకుని అంటే ఎలా?

— మంచిదైంది అడిగావు చెల్లీ, అడగకుండా మానేసేవాళ్లే ఎక్కువ. మారాలని ఎవరూ బలవంతం చేయరు. మీ ఇద్దరే కలిసి ఆడాలంటే వలయం బయట నిలబడండి, అది అందరూ చేసేదే. తర్వాత ఎవరైనా వచ్చి అడిగినా 'వద్దు, థాంక్యూ' అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. ఆడవాళ్లు ఇద్దరు, మగవాళ్లు ఇద్దరు కలిసి ఆడటం కూడా అక్కడ మామూలే, ఎవరు నడిపించాలి, ఎవరు అనుసరించాలి అన్నది మీ ఇష్టం. నువ్వు, నేను మొదటి పాట కలిసి ఆడదాం. నేను నడిపిస్తాను.

— అయితే వస్తాం. పిల్లల దగ్గర మొదటి అరగంట నాకు రాయండి.

— ఆంటీ, నేను, ఇంకో ముగ్గురం హైస్కూల్ వాళ్లం. మధ్యాహ్నమే వెళ్లి ఆ సవాయ్ ఉన్న చోటు చూడొచ్చా? అక్కడ గుర్తుగా ఒక ఫలకం ఉందట.

— తప్పకుండా నాన్నా. పెన్ స్టేషన్‌లో 2 గానీ 3 గానీ ఎక్కి 135వ వీధిలో దిగితే లెనాక్స్ మీద ఐదు వీధులు నడక. పెద్దవాళ్లు ఒకరు మీతో రావాలి. ఎవరైనా వెళ్లగలరా? మీరు చూసొచ్చింది పార్క్‌లో భోజనాల దగ్గర అందరికీ చెప్పాలి, అది మీ డ్యూటీ. ఇంకోటి, వీడియోల్లో చూసినట్టు మనిషిని ఎత్తి గాల్లో తిప్పడాలు అక్కడ చేయొద్దు, ఆ రద్దీలో పక్కవాళ్లకు దెబ్బ తగులుతుంది.

— పిల్లలతో నేను వెళ్తాను. నాకూ చూడాలనుంది. వాన పడితే ఏం చేస్తాం?

— చినుకులైతే ఆగుదాం బాబాయ్. ఉరుములు, మెరుపులు మొదలైతే ఎలాగూ ఆపేస్తారు, మనం వెంటనే సబ్‌వే స్టేషన్‌లోకి దిగిపోదాం, చెట్ల కింద నిలబడొద్దు. వాతావరణం చూసి మధ్యాహ్నం 2 గంటలకు నేను మెసేజ్ పెడతాను.

— మా అమ్మగారు తెనాలి నుంచి వచ్చి నెలైంది. ఇంట్లోనే ఉండి విసుగ్గా ఉంది ఆవిడకి. తీసుకురావాలనుంది కానీ మోకాళ్ల నొప్పులు. కూర్చోవడానికి ఉంటుందా?

— తీసుకురా తమ్ముడూ. మడత కుర్చీ లోపలికి రానిస్తారో లేదో కనుక్కుని చెప్తాను, లేకపోతే చుట్టూ కూర్చునే చోట్లున్నాయి, ముందే వెళ్లి పట్టుకుంటాం. ఆవిడ పక్కన ఎప్పుడూ ఒకరుంటారు, ఆ బాధ్యత నాది. ఆ నెలల్లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, దీపాలు వెలిగే వేళ ఫౌంటెన్ దగ్గర చూడటానికే ఎంతో బాగుంటుంది. ఒక నెమ్మది పాట వచ్చినప్పుడు నువ్వే ఆవిడ రెండు చేతులూ పట్టుకుని అక్కడే నిలబడి ఊగు. అదీ డాన్సే.

సాధన: రాబోయే రెండు ఆదివారాలు సాయంత్రం 4కి మా బేస్‌మెంట్‌లో, గంటసేపు, రాక్ స్టెప్, ట్రిపుల్ స్టెప్ వరకే. రాత్రి 10కి ఎక్కడున్నా ఫౌంటెన్ దగ్గరికి వచ్చేయాలి, లెక్క సరిపోకుండా ఎవరం కదలం. పెన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం నంబర్ రైలుకు కొద్ది నిమిషాల ముందే చూపిస్తారు కాబట్టి బోర్డు కిందే గుంపుగా ఉండండి. ఇంకా బ్యాగుల దగ్గర ఒకరు, రైల్లో లెక్కకు ముగ్గురు, పిల్లల దగ్గర ముగ్గురు కావాలి.

— రైల్లో లెక్క నేను చూస్తాను అక్కా. మా ఇంటి నుంచి నలుగురు అని రాసుకోండి. అమ్మకు చెప్పాను, ఏ చీర కట్టుకోవాలని అడుగుతోంది.