వాష్ బేసిన్ కింద ఖాళీని ఎలా వాడుతున్నారు?

అద్దెకొంప_మియాపూర్: ఫ్లాట్ మారాం, బాత్‌రూమ్ మరీ ఇరుకు. బేసిన్ కింద రెండడుగుల జాగా ఉంది కానీ సరిగ్గా మధ్యలో బాటిల్ ట్రాప్ (బేసిన్ నీళ్లు దిగే పైపుకుండే గిన్నె) వేలాడుతోంది, పక్కనే యాంగిల్ కాక్ (కుళాయికి నీళ్లు ఆపే చిన్న వాల్వు). ఫినాయిల్, సర్ఫ్ ప్యాకెట్, బ్రష్షులు అన్నీ నేల మీదే నానుతున్నాయి. ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. ఏం చెయ్యమంటారు?

గోదారి_పిల్ల: క్యాబినెట్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. సొంతిల్లు కదా అని ముచ్చటపడి చేయించాం, కార్పెంటరు మామూలు కమర్షియల్ ప్లై వేశాడు, రెండు వానాకాలాలు తిరిగేసరికి కింద అంచు ఉబ్బి పొరలు లేచి తలుపు పట్టేసింది. ఇప్పుడు తీసేసి డబ్ల్యూపీసీ బోర్డుతో (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) చేయించాం, నేలకి నాలుగంగుళాలు పైన. ప్లైవుడ్డే కావాలనుకుంటే ఐఎస్ 710 ముద్ర (నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లై అని గుర్తు) చూసి తీసుకోవాలట, అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

అద్దెకొంప_మియాపూర్: అద్దిల్లు అక్కా, బోర్డులూ గీర్డులూ కుదరవు.

బ్యాచిలర్_గది: బ్రో, చిల్లుల ప్లాస్టిక్ బుట్టలు రెండు కొను, ట్రాప్‌కి అటొకటి ఇటొకటి. కొనేముందు టేపుతో కొలువు, నేను కొలవకుండా తెస్తే ఒకటి పైపుకి తగిలి లోపలికే పోలేదు, ఇప్పుడు అందులో ఉల్లిపాయలు పోస్తున్నా. రెండు పక్కలా గోడలుంటే స్ప్రింగు కర్టెన్ రాడ్ ఒకటి బిగించు, మేకు అక్కర్లేదు, స్ప్రే సీసాలు మెడ పట్టుకుని దానికి వేలాడతాయి. బరువెక్కువైతే అర్ధరాత్రి దభీమని పడుతుంది, అదొక్కటే టెన్షన్.

ఇద్దరు_పిల్లల_తల్లి: బుట్టలు సరే గానీ ఏది ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. టాయిలెట్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ పక్కపక్కన అస్సలు పెట్టొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మా ఇంట్లో యాసిడ్ సీసా మూత వదులై, చిరిగిన బ్లీచింగ్ ప్యాకెట్ మీద నాలుగు చుక్కలు పడ్డాయి, ఆ ఘాటుకి గొంతు పట్టేసి తలుపులన్నీ తీసి బయటికి పరిగెత్తాం. అప్పట్నుంచి ఆ రెండూ వేర్వేరు చోట్ల, అదీ పిల్లలకి అందనంత ఎత్తులో. బేసిన్ కింద సబ్బులు, టిష్యూలు, తోమే బ్రష్షులే. కూల్‌డ్రింక్ సీసాలో యాసిడ్ పోసి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానండి, దండం పెడతాను.

రిటైర్డ్_బాబాయ్: బొద్దింకల సంగతి ఎవరూ ఎత్తలేదేం? వేస్ట్ పైపు నేలలోకి దిగే చోట చుట్టూ సందుంటుంది, అక్కణ్ణుంచే వస్తాయి. వైట్ సిమెంటుతో పూడ్చండి, అది పూడ్చకుండా కలరా ఉండలు ఎన్ని వేసినా దండగే. ట్రాప్ ముందు మాత్రం ఏమీ కుక్కకండి. జుట్టు అడ్డుపడితే కిందున్న గిన్నె తిప్పి తీసి కడగాలి కదా, చెయ్యి దూరాలి.

అద్దెకొంప_మియాపూర్: అందరికీ థ్యాంక్స్. బుట్టలు పెట్టి వారమైంది. నిన్న కడుగుదామని లాగితే కుడి బుట్టలో టిష్యూలు తడిసి ముద్దయ్యాయి, చూస్తే యాంగిల్ కాక్ దగ్గర చుక్క చుక్కగా కారుతోంది! ఎన్నాళ్లనుంచో ఏమో, నేల ఎప్పుడూ తడే కాబట్టి తెలియలేదు. బాబాయ్, టెఫ్లాన్ టేపు చుడితే సరిపోతుందా, కాక్ మార్చాలా?

రిటైర్డ్_బాబాయ్: ఎక్కడ కారుతోందో ముందు చూడు నాయనా. గోడ దగ్గర మర నుంచి అయితే గేట్ వాల్వ్ కట్టేసి, కాక్ విప్పి కొత్త టేపు చుట్టు. తిప్పే పిడి దగ్గరైతే కాక్ మార్చెయ్, ఓనర్ని అడుగు.

అద్దెకొంప_మియాపూర్: పిడి దగ్గరే. ఓనరుకి ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు.